వంకర రెక్క, గాలి మీద నింద

సూరత్‌కు దక్షిణాన, ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్న భేస్తాన్ పరిసరాల్లో మరమగ్గాల మీద బతికే తెలుగు నేత కార్మికులకు, పడుగు తిన్నగా సాగాలంటే కంటిని కాక పన్నెను, అంటే పోగులను సమాన దూరంలో నిలిపే చట్రాన్ని, నమ్మాలని ఎవరూ చెప్పనక్కరలేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే తేలికైన బాల్సా కర్రతో నమూనా విమానం కట్టే ఔత్సాహికుడు మాత్రం ఆ సత్యాన్ని తొలి విమానం వేపచెట్టు ఎక్కిన తరువాతే ఒప్పుకుంటాడు.

రెక్కకు ఆకారమిచ్చే పలుచని అడ్డపలకలను రిబ్బులనీ, వాటిని పొడవునా కలిపే దూలాన్ని స్పార్ అనీ అంటారు. రిబ్బు అడుగు చదునుగా ఉంటే సమతలమైన బల్ల మీద గుండుసూదులతో నిలిపి కట్టవచ్చును గాని (ఇంట్లోని డైనింగ్ టేబుల్ సమతలమన్నది గృహస్థుల మూఢనమ్మకం), పైనా కిందా సమానంగా ఉబ్బిన రిబ్బు బల్ల మీద కుదురుగా నిలవదు కనుక దానికి జిగ్ అనే పట్టుచట్రం కావలసి వస్తుంది. వెడల్పు అంతటా ఒకటిగా ఉండే రెక్కకైతే, రిబ్బులన్నిటినీ ఒక కట్టగా పేర్చి రెండు రంధ్రాలు ఒక్కసారే తొలిచి, వాటిలో రెండు ఉక్కు కడ్డీలు దూర్చి, కడ్డీల కొసలను సమానమైన ఎత్తు గల నిలువు దిమ్మెల మీద ఆనిస్తే, ఎంతటి తొందరపాటు మనిషికైనా రెక్కను మెలితిప్పడం కష్టమే. కడ్డీ తిన్నగా ఉందో లేదో అద్దం మీద దొర్లించి చూడాలి. వంకరదైతే టకటకమని తన నేరం తానే చెప్పుకుంటుంది. దానికి కొవ్వొత్తి మైనం రాయడం మరచినవాడు, జిగురు ఆరాక కడ్డీని లాగితే రిబ్బులు కూడా వెంట వస్తాయి.

కుడి రెక్క వెనుక అంచు 2 మిల్లీమీటర్లు కిందికి దిగినా, ఆ రెక్క గాలికి ఎక్కువ వాలుగా నిలిచి, లిఫ్ట్ అనే ఎత్తే బలాన్ని అధికంగా పొంది, విమానాన్ని ఎడమకు పొర్లిస్తుంది. నడిపేవాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సముద్రపు గాలిని తిడతాడు. రెండు కొసల్లోనూ వెనుక అంచును సమానంగా, కావాలని కాస్త పైకి తిప్పడం వేరు: వాషౌట్ అనే ఆ ఏర్పాటు వేగం తగ్గినప్పుడు కొసలు ముందుగా పట్టు తప్పకుండా కాపాడుతుంది. ఒక్క కొసలోనే వచ్చిన తిప్పును వాషౌట్ అనేది, దాన్ని కట్టినవాడొక్కడే. జనవరి 14న ఉత్తరాయణానికి సూరత్ మేడల మీద ఎగిరే గాలిపటం ఒక పక్కకు లాగితే తోక కట్టి సర్దుకోవచ్చు. విమానానికి తోక ముందే ఉంది గాని ఆ పనికి రాదు.

కాబట్టి పైపలకలు అతికి జిగురు పూర్తిగా ఆరేదాకా రెక్కను జిగ్ నుంచి తీయరాదు. వానకాలంలో మరో రాత్రి ఆగడం మంచిది.