డెమో అదిరింది... సరుకేదీ?

2003 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో మైక్రోసాఫ్ట్ తన రాబోయే విండోస్ ‘లాంగ్‌హార్న్’ సొగసులు తెర మీద చూపించింది.

గాజులా మెరిసే కిటికీలు. పక్క పట్టీలో గడియారం. ఏ ఫైలునైనా ఇట్టే వెతికిపెట్టే ‘విన్‌ఎఫ్ఎస్’.

గడియారం బాగానే తిరిగింది. క్యాలెండరే చాల్లేదు.

‘లాంగ్‌హార్న్’ అన్నది విస్లర్, బ్లాక్‌కోంబ్ కొండల దగ్గరి ఓ బార్ పేరు. బార్‌లో దిగినవాడు వేళకు ఇల్లు చేరతాడా?

2004 ఆగస్టులో, అప్పటిదాకా చేసిన పని చాలావరకు పక్కనపెట్టి, విండోస్ సర్వర్ 2003 పునాది మీద మళ్లీ మొదలెట్టారు. విన్‌ఎఫ్ఎస్‌ను మధ్యలోనే దించేశారు. అన్నీ వెతికిపెడతానన్నదాన్నే జనం వెతుక్కోవాల్సి వచ్చింది!

2007 జనవరి 30న ‘విస్టా’ పేరుతో దుకాణాలకొచ్చింది. గాజు కిటికీలూ వచ్చాయి. ‘విస్టా కేపబుల్’ స్టిక్కరేసి అమ్మిన కొన్ని పీసీల్లో మాత్రం అవి తెరుచుకోలేదు. స్టిక్కర్ మాత్రం అన్నిటికీ చక్కగా అతుక్కుంది.

కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. చాలామంది పాత విండోస్ ఎక్స్‌పీనే పట్టుకు వేలాడారు.

కొనేవాళ్లకో మాట: డెమోకు చప్పట్లు కొట్టండి, తప్పులేదు. జేబులో చెయ్యి మాత్రం సరుకు చూశాకే పెట్టండి.