వామన శకటోపాఖ్యానం

పూర్వకవులు కావ్యారంభంలో విఘ్నేశ్వరుణ్ణి తలిచారు. నేను నెయిల్ కట్టర్‌ని తలుస్తాను. ఓ నఖఖండినీ! ఉక్కుకోరల తల్లీ! ప్లాస్టిక్ చట్రం నుంచి ముక్కను వేరుచేసేటప్పుడు ముక్కనే కొరికెయ్యకుండా కాపాడు.

కథానాయకుడు జపాన్‌లోని షిజువొకా పురవాసి టమియా వారి పెట్టెలో, ముక్కచెక్కలుగా అవతరించిన విల్లీస్ ఎం.బి. జీపు. అసలు జీపు పొడవు 11 అడుగులు. దాన్ని 35వ వంతుకు కుదిస్తే 9.5 సెంటీమీటర్లు, అంటే బెత్తెడుకు కాస్త ఎక్కువ. మూడడుగులు అడిగిన వామనుడు ముల్లోకాలు పట్టుకున్నట్టు ఈ బుడతడు మా భోజనాల బల్ల మొత్తం పట్టుకున్నాడు.

ఈ 35 ఏ శాస్త్రంలోది? 1960ల మొదట్లో టమియా వారు మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేంత పొట్ట పెట్టారు. ఆనక లెక్కగడితే 35వ వంతు తేలింది. రాజులకు సూర్యవంశం, చంద్రవంశం. మా బుల్లి సైన్యాలది బ్యాటరీవంశం.

ఇక జననకథ. 1940లో అమెరికా సైన్యం తేలికబండి కావాలని 135 కంపెనీలకు స్వయంవరం చాటించింది. నమూనాకు గడువు 49 రోజులు. ముందుకొచ్చినవాళ్లు ఇద్దరే, బాంటమ్, విల్లీస్. విల్లెత్తింది మాత్రం పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊరి చిన్న కంపెనీ బాంటమ్. కార్ల్ ప్రాబ్‌స్ట్ రూపకల్పన చేసిన బండి సెప్టెంబరు 23న, గడువుకు అరగంట ముందు, హోలాబర్డ్ శిబిరంలో అడుగుపెట్టింది. తీరా కాపురం విల్లీస్, ఫోర్డ్ ఇళ్లలో పెట్టింది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండిళ్లలో ఆరు లక్షలకు పైగా పిల్లలు. విల్లు విరిచినవాడికి దండ పడకపోవడం ఏ రామాయణంలోనూ చదవలేదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

నిజం జీపుకు 49 రోజులు. నా బెత్తెడు జీపుకు 114.

ఆ శకటరాజం ఎట్టిదనిన: నవరంధ్ర శోభిత వదనంబును, చక్రచతుష్టయ సంచార గర్వంబును, వామపార్శ్వ విలంబిత పరశు ఖనిత్రంబును, పృష్ఠభాగ సంస్థిత పంచమచక్ర పెట్రోలుడబ్బా యుగళంబును, కవాటహీన కళేబరంబును గలిగి, ఉడికిన గోంగూర వన్నెతో ఒప్పుచుండె. (పెట్రోలుడబ్బాను సంస్కృతంతో కలిపినందుకు వైరిసమాసమని పండితులు అలగవద్దు. అంతకన్నా కలవని ముక్కల్ని 114 రోజులు కలిపినవాణ్ణి.) మొదట్లో విల్లీస్ మొహానికి అతికిన ఇనప కడ్డీలుండేవి. ఫోర్డు వారు రేకును అచ్చుకొట్టి తొమ్మిది చీలికలతో చవగ్గా తేల్చారు. దేహాన్ని నవద్వారపురమన్న పెద్దలకు ఆ తొమ్మిదింట్లోనూ రంగు పేరుకోకుండా కుంచె ఆడించే పని పడలేదు.

జిగురుదీ వింత స్వభావమే. అది అంటించదు, కరిగిస్తుంది. రెండంచులూ కరిగి ఒకదాంట్లో ఒకటి లీనమవుతాయి. ఆపైన విడాకుల్లేవు. వంకరగా అంటిన బంపరును చూస్తూ జీవితం వెళ్లదీయాలి.

యుద్ధకాండ 61వ రోజు రాత్రి. ఈ జీపుకు గేరు పుల్లలు మూడు: ఒకటి గేర్లకు, రెండు నాలుగు చక్రాల వ్యవహారానికి. ఆ మూడింట్లో కడసారపుది పట్టకారు కోరల్లోంచి టప్పున ఎగిరి ఆకాశమార్గాన అదృశ్యమైంది. నాలుగు దిక్కులకూ వానరసేనను పంపాను. మనవడు టార్చి పట్టుకుని సోఫా కింద దూరాడు. మా ఆవిడ చీపురుతో వచ్చింది.

"ఎంతుంటుందండీ?"

"బియ్యపు నూకంత."

"దేనికి?"

"ముందు చక్రాలు కూడా తిరగడానికి."

"వెనక చక్రాలు తిరుగుతాయా?"

జవాబు చెప్పలేదు. ఆ పుల్ల మాత్రం నల్లపూసైపోయింది.

సీత లేక యాగం ఎలాగన్నప్పుడు రాముడు బంగారు సీతను కూర్చోబెట్టుకున్నాడు. నేను మిగిలిన చట్రపు కాడను కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి, రెండు చేతులా సాగదీశాను. సేమ్యాలా సాగింది. అందులోంచి నూకంత తుంచి, పుల్ల స్థానంలో ప్రతిష్ఠించాను. నీళ్లలో నానిన తెల్లనక్షత్రం బానెట్ మీద వాలింది. గాజుపెట్టెలో పట్టాభిషేకం జరిగింది.

మూడోనాడు కందిపప్పు చెరుగుతున్న మా ఆవిడ, చాటలోంచి దేన్నో ఏరి అరచెయ్యి చాపింది.

"రాయనుకున్నా. ఇదేనా?"

ఇదే. ప్లాస్టిక్ సీత పీఠం దిగదు, జిగురు అలాంటిది. అసలు సీతను జీపు వెనకసీటు మీద పడుకోబెట్టాను.

ఇది షిజువొకాపుర సంభవ, బ్యాటరీవంశ పయోధిచంద్ర, భోజనఫలకాక్రమణ ధురంధర వామన శకటోపాఖ్యానంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము.