గాలి బాబాయి

డెల్టా ఊళ్లలో ట్రాక్టరుండటం గొప్ప కాకుండా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు లెక్కలోకొచ్చేది గాలి మిషనున్నవాడు. చేతిలో ఇమిడే మిషను. వైరు లేదు, బ్యాటరీ ఉంది, చిన్న తెర మీద అంకెలున్నాయి. అది ఇంటికొచ్చిన రోజు నుంచి మా బాబాయికి ఊళ్లో నిండుగా గాలున్న టైరు ఒక్కటీ కనబడలేదు.

"ఆపరా అబ్బాయ్, నీ ముందు టైరు కూర్చుంది."

"పొద్దున్నే షాపులో కొట్టించా బాబాయ్."

"వాడిది అందాజు. మనది అంకె!"

ఆ అంకె మీద నమ్మకం ఎంతటిదంటే, ఒకసారి ఏ బటనో నొక్కుకుపోయి, 28 పీఎస్ఐ ఉన్న టైరుకు తెర 193 చూపించింది. అవి కిలోపాస్కళ్లు. బాబాయికి అదెవరు చెప్పాలి? చుట్టూ ఉన్న పిల్లల్ని దూరంగా తరిమేసి, అంకె 28కి దిగేదాకా గాలి వదిలాడు. అంటే నాలుగు పీఎస్ఐ. టైరు రిమ్ము కింద అప్పడమైంది. "అంకె సరిగ్గానే ఉంది, టైరులోనే ఏదో లోపముంది" అని తేల్చాడు.

నిజం చెప్పాలంటే ఆ మిషను పనికిమాలిందేం కాదు. తుమ్మముల్లు దిగి, మెల్లగా గాలి జారిపోతున్న ముందు టైరుకు గట్టు మీదే ఊపిరి పోస్తుంది. ట్రాక్టరును షాపు దాకా ఈడ్చుకెళ్లే బాధ తప్పిస్తుంది. టైరు బండికీ, మందు కొట్టే ట్యాంకు చక్రాలకూ బ్రహ్మాండంగా సరిపోతుంది. చిక్కంతా వెనక పెద్ద టైరుతోనే. పొలంలో దానికి పన్నెండు పద్నాలుగు పీఎస్ఐ చాలు గానీ, దాని కడుపులో పట్టే గాలి వందల లీటర్లు. ఈ బుల్లి మిషను ఒత్తిడి పెంచగలదు, అంత గాలి ఎక్కణ్ణించి తెస్తుంది? కాసేపటికే వేడెక్కి ఆగిపోతుంది. బాబాయి దాన్ని వేపచెట్టు నీడలో పడుకోబెట్టి, అది చల్లారేలోగా చరిత్ర అందుకుంటాడు. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరట. "పశువుల డాక్టరు టైరు చేయగా లేంది, నేను గాలి కొడితే తప్పొచ్చిందా?"

బరువు కోసం వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపుతారని ఆయనకూ తెలుసు. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పుకోవాలనీ తెలుసు. ఓ రోజు తొందరలో తిప్పలేదు. మిషను తుప్పునీళ్లు తాగి మూగబోయింది. దాన్ని ఆరబెట్టడానికి పిన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. పిన్ని ఏమందో ఇక్కడ రాయలేను. మిషను డబ్బాలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో టైర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

డబ్బాలోంచి తీశాక అది మళ్లీ బుర్రుమంది. అప్పటికి నాట్లు దగ్గరపడ్డాయి. బాబాయి మిషను చంకనపెట్టుకుని చేలోకొచ్చేసరికి, ట్రాక్టరుకు వెనక టైర్లు విప్పేసి ఇనప దమ్ము చక్రాలు బిగించి ఉన్నాయి. వాటి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇనప పట్టీ మీద వేలితో కొట్టి చూశాడు.

"బాబాయ్, వాటికి గాలక్కర్లేదు" అన్నాడు డ్రైవరు, ట్రాక్టరును బురదలోకి దించుతూ.

"తెలుసులేరా. ముందువి రబ్బరేగా, ఆపు!" అంటూ పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు.