ఒకే రూపాయి, రెండు షిఫ్టులు

ఒకే నాణెం చెలామణి అయ్యే దేశాల మధ్య, వెనుకబడ్డవి కాలక్రమాన ముందున్నవాటిని అందుకుంటాయని ఆర్థికశాస్త్రం చాలాకాలంగా భరోసా ఇస్తూ వస్తోంది. ఈ అందుకోవడానికి శాస్త్రజ్ఞులు అభిసరణం అని పేరు పెట్టారు. బీదవాడు కలిగినవాడికన్నా వడివడిగా నడిచి ఏదో ఒకనాటికి అతని సరసన కూర్చోవడమే దాని సారం. ఆ నడక వేగాన్ని కూడా కొలిచిపెట్టారు. రాబర్ట్ బారో, షవియెర్ సాలా-ఇ-మార్టిన్ అనే ఆర్థికవేత్తలు 1992లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే డాలరు వాడే అమెరికా రాష్ట్రాల మధ్య అంతరం ఏటా సుమారు 2 శాతం చొప్పున తరుగుతూ వచ్చింది, అంటే దూరంలో సగం తరగడానికి 35 ఏళ్ళు పడుతుంది. ఒడిశాలోని గంజాం జిల్లా కుర్రవాడొకడు పద్దెనిమిదో ఏట పని కోసం గుజరాత్‌లోని సూరత్‌కు రైలెక్కాడనుకుంటే, ఈ లెక్కన సగం దూరం తరిగేసరికి అతనికి 53 ఏళ్ళు నిండుతాయి, మిగిలిన సగంలో సగం తరిగేసరికి 88 నిండుతాయి, ఆ పైన శాస్త్రానికి తొందర లేదు.

ఈ భరోసాను పునాదిగా వేసి కట్టిన పెద్ద ఇల్లు యూరో. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద సంతకాలు చేసిన దేశాలు, కొత్త నాణెం పంక్తిలో కూర్చోదలచినవారికి కొన్ని అర్హతలు విధించాయి: బడ్జెట్ లోటు స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతం దాటకూడదు, ప్రభుత్వ రుణం 60 శాతం మించకూడదు, మించినా తరుగుముఖం పట్టి ఉండాలి, ధరలూ వడ్డీలూ అదుపులో ఉండాలి. ఇవన్నీ పద్దు పుస్తకానికి సంబంధించిన షరతులే తప్ప, కూలివాడి కూలి ఎంత, చదువుకున్న పిల్లకు ఊళ్ళో ఉద్యోగం దొరుకుతుందా అన్న ప్రశ్నలు వాటిలో లేవు. జాతకాలు కుదిరాయని పిల్లను చూడకుండానే తాంబూలాలు పుచ్చుకోవడం మన వైపు మాత్రమే జరిగే పని కాదన్నమాట. గ్రీసు 2001లో ఆ పంక్తిలో కూర్చుంది, 2004లో తన లోటు లెక్కలు సరైనవి కావని ఒప్పుకుంది, 2013 నాటికి అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటింది. పద్దులు దగ్గరపడడాన్ని నామమాత్ర అభిసరణమనీ, బతుకులు దగ్గరపడడాన్ని వాస్తవ అభిసరణమనీ అంటారు. మొదటిది రెండోదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకువస్తుందన్న నమ్మకమే ఆ సంతకాలకు సాక్షి.

యూరప్ ఇంత ఆర్భాటం చేసి మొదలుపెట్టిన పనిని భారతదేశం ఏ ఒప్పందమూ లేకుండా ఏనాటినుంచో చేస్తోంది. గుజరాత్ రూపాయీ ఒడిశా రూపాయీ ఒకటే, వడ్డీ రేటు ముంబైలో నిర్ణయమవుతుంది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు కూడా లేవు. ఇచ్ఛాపురం దాటి గిరిసోల దగ్గర ఒడిశాలో అడుగుపెట్టే మోటారు సైకిలువాడికి సరిహద్దు దాటిన సంగతి తెలిసేది పెట్రోలు బంకు దగ్గరే, ఎందుకంటే పెట్రోలు జీఎస్టీలో చేరలేదు, ఆంధ్రాలో దాని మీద పన్ను ఎక్కువ. ఒకే నోటుకు పావుగంట ప్రయాణంలో రెండు విలువలు రావడం ద్రవ్య సమైక్యతకు భంగమో కాదో శాస్త్రజ్ఞులు తేల్చేలోగా టాంకు నిండిపోతుంది.

ఒడిశాను మాస్ట్రిక్ట్ పరీక్షకు కూర్చోబెడితే యూరప్‌లో పెద్ద పేరున్న దేశాలు కొన్ని దాని పక్కన తలదించుకోవాలి. 2005-06 నుంచీ ఆ రాష్ట్రానిది రెవెన్యూ మిగులు, అంటే రోజువారీ ఖర్చులకు అప్పు చేయనక్కరలేని స్థితి. 2025 జనవరిలో నీతి ఆయోగ్ వెలువరించిన ఆర్థిక ఆరోగ్య సూచిలో 18 పెద్ద రాష్ట్రాల మధ్య 67.8 మార్కులతో ప్రథమ స్థానం ఒడిశాదే. ఇంత ఆరోగ్యవంతమైన ఖజానాను వెనక వదిలి, అదే రాష్ట్రంలోని గంజాం జిల్లా యువకులు తరతరాలుగా పదహారు వందల కిలోమీటర్లకు పైగా రైలు ప్రయాణం చేసి సూరత్ మరమగ్గాల ముందు నిలబడుతున్నారంటే, ఆరోగ్యం ఖజానాదే కాని ఖజానా ఉన్న ఊరిది కాదని గ్రహించాలి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెతను నీతి ఆయోగ్ సూచికలో చేర్చే వీలు లేదు కాబట్టి మార్కులు తగ్గలేదు.

గంజాంకు దక్కవలసిన కీర్తి మరొకటి ఉంది. ఏ ప్రాంతాలు ఒకే నాణెం వాడుకోవడం మంచిదన్న ప్రశ్నకు 1961లో కెనడా ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ జవాబు రాశాడు. 1999లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాదన సూటిగా ఉంటుంది. గంజాంకు సొంత నాణెం ఉండి దాని విలువ తగ్గించుకునే వీలుంటే, ఆస్కా చక్కెర, హుమ్మా ఉప్పు, ఛత్రపురం తీరపు మొగలిపూల అత్తరు బయటివారికి చవకై, గిరాకీ పెరిగి, పని ఊళ్ళోనే పుట్టవచ్చు. నాణెం ఉమ్మడిదైతే ఆ దారి మూసుకుపోతుంది, ఇక మిగిలేవి రెండే: కూలి తగ్గాలి, లేదా కూలివాడు కదలాలి. కూలీలు స్వేచ్ఛగా కదిలే ప్రాంతమే ఉమ్మడి నాణేనికి తగిన ప్రాంతమని మండెల్ తేల్చాడు. యూరోలో భాష రాక, పింఛను బదిలీ కాక, ఏథెన్స్ గుమాస్తా ఫ్రాంక్‌ఫర్ట్‌కు కదలడానికి సంకోచిస్తాడని ఆర్థికవేత్తలు నేటికీ వాపోతుంటారు. గంజాం కార్మికుడికి గుజరాతీ రాదు, రేషను కార్డు చాలాకాలం ఊరు దాటి పనిచేయలేదు, ఓటు ఊళ్ళోనే ఉంది, అయినా కదిలాడు. సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా పాటించిన జిల్లా మరొకటి కనబడదు. మండెల్ విగ్రహం ఎక్కడైనా పెట్టదలచుకుంటే ఆ జిల్లాలోని బరంపురం స్టేషను ఆవరణకు మించిన చోటు లేదు.

ఈ నిష్ఠ సూరత్‌తో మొదలుకాలేదు. గంజాం తీరంలోని గోపాలపురం రేవు నుంచి స్టీమర్లు రంగూన్‌కు వెళ్ళిన రోజుల్లో, గంజాం మొదలుకొని గోదావరి దాకా ఉన్న తెలుగువారు ఆ ఊరిని రంగం అని పిలుచుకుని అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళారు. అక్కడ వారికి కోరంగీలన్న పేరు పడింది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, ఇక్కడా అక్కడా ఒకే రూపాయి. విడిపోయిన తర్వాత కూడా, జపాను ఆక్రమణ కాలం మినహాయిస్తే, 1947 దాకా రిజర్వు బ్యాంకే బర్మాకూ కేంద్ర బ్యాంకుగా పనిచేసింది. నాణెం కలిపినంత సులువుగా మనుషులు కలవలేదు. 1930 మేలో రేవు పని దగ్గర బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య చెలరేగిన అల్లర్లలో చాలామంది ప్రాణాలు పోయాయి, 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడు లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన వెనక్కి వచ్చారు. మండెల్ సిద్ధాంతం అప్పటికింకా పుట్టలేదు కాబట్టి, తాము ద్రవ్య మండలానికి సర్దుబాటు చేస్తున్నామన్న సంగతి వారికి తెలియదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల సూరత్‌లో మగ్గాలు ఆగి, కూలి ఆగి, ఇళ్ళకు పంపండని రోడ్డెక్కిన కార్మికుల నాటికి ఆ సిద్ధాంతానికి 58 ఏళ్ళు నిండాయి, వారికీ ఎవరూ చెప్పలేదు. మే మొదటి వారంలో శ్రామిక్ రైళ్ళు వారిని గంజాంకు చేర్చడం మొదలుపెట్టాయి, కొన్ని నెలలకే మామూలు రైళ్ళు మళ్ళీ సూరత్‌కు తీసుకుపోయాయి.

సిద్ధాంతంలో శ్రామిక చలనం అన్న రెండు మాటల్లో ఇమిడిపోయే వ్యవహారం, దగ్గరికి వెళ్ళి చూస్తే, ఒక మెస్సుగది. సూరత్ మరమగ్గాల వాడల్లో గంజాం కార్మికులుండే ఆ గదిలో మంచాలుండవు, గోడ వారన పెట్టెలూ మేకులకు చొక్కాలూ నేల మీద చాపలూ ఉంటాయి. షిఫ్టు పన్నెండు గంటలు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్ళిన చాప మీదే రాత్రి షిఫ్టు ముగించుకు వచ్చినవాడు నడుం వాలుస్తాడు కాబట్టి చాపకు చల్లారే తీరిక ఉండదు. ఒక చాపను ఇద్దరు, ఒక రూపాయిని రెండు రాష్ట్రాలు వాడుకోవడంలో పొదుపు ఎంతో పెట్టుబడిదారుడికి వేరే చెప్పనక్కరలేదు. కూలి నేసిన మీటర్ల లెక్కన, కరెంటు పోతే మీటర్లు లేవు, మీటర్లు లేకపోతే కూలి లేదు. మగ్గాల మోతలో మాట వినబడదు గనుక షెడ్డులో ఒడియా, తెలుగు, గుజరాతీ అన్న భేదం లేకుండా అందరూ సైగలే చేస్తారు, భాషాపరమైన అవరోధం తొలగిపోవడమంటే ఇదే. కూడబెట్టిన డబ్బును బ్యాంకులు పట్టించుకోని రోజుల్లో ఊళ్ళకు మోసింది టప్పావాలా. ఇతను సూరత్‌లో పదిమంది కూలి డబ్బు పోగుచేసుకుని, రైలెక్కి వచ్చి, గంజాం పల్లెల్లో ఇంటింటికీ పంచే మనిషి, పేరును బట్టి మన తపాలాకు దగ్గరి చుట్టం. కేంద్రం రాష్ట్రాలకు పంచే నిధుల గురించి ఎంత చర్చ జరుగుతుందో, టప్పావాలా పంచిన నిధుల గురించి అంత మౌనం.

కేంద్రం పంపకం చిన్నదేమీ కాదు. ఉమ్మడి నాణెంలో వెనుకబడినవారికి సొంత నాణెం లేని లోటును ఉమ్మడి ఖజానా పూడ్చాలన్నది సూత్రం. యూరప్ దాన్ని ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది, మనకు ఆర్థిక సంఘం 1951 నుంచే ఉంది. పదిహేనవ ఆర్థిక సంఘం పంపకంలో 45 శాతం తూకం ఆదాయ దూరానికి ఇచ్చింది, అంటే ముందున్న రాష్ట్రపు తలసరి ఆదాయానికి ఒక రాష్ట్రం ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ వాటా. పంచే ప్రతి నూరు రూపాయల్లో ఒడిశాకు 4.528, జనాభాలో అంతకన్నా పెద్దదైన గుజరాత్‌కు 3.478 దక్కాయి. ఈ సొమ్ము ఒక చేత్తో ఇస్తున్నదైతే, మరో చేత్తో తీసుకున్నది 1952లో మొదలైన రవాణా ఖర్చుల సమీకరణ విధానం: ఉక్కు, బొగ్గు గని పక్కన కొన్నా దేశం ఆ చివర కొన్నా దాదాపు ఒకే ధర పడేలా కేంద్రం ఏర్పాటు చేసింది, దాంతో గనులున్న ఒడిశా, అప్పటి బీహార్‌లకు గనులుండడం వల్ల రావలసిన ఏకైక లాభం ఆవిరైంది, కార్ఖానాలు పశ్చిమ తీరానా పట్నాల చెంతా వెలిశాయి. ఆ విధానాన్ని 1990ల తొలినాళ్ళలో ఎత్తివేశారు. నలభై ఏళ్ళు ఒకవైపే తూగిన తక్కెడను సరిచేసి, ఇక పోటీ సమానమేనని ప్రకటించడం మన పాలనలో నిష్పాక్షికతకు నిర్వచనం.

నీరు పల్లమెరుగు అన్న మాట పెట్టుబడికి వర్తించదని కూడా ఇక్కడే తెలుస్తుంది. కూలి చవకైన చోటికి పెట్టుబడి పారాలని పాఠ్యపుస్తకం. పారడం లేదేమని 1990లో ఆర్థికవేత్త రాబర్ట్ లూకాస్ అడిగిన ప్రశ్న ఇంకా నలుగుతూనే ఉంది. గోపాలపురం దగ్గర 1990లలో ఉక్కు కర్మాగారం కోసం భూమి సేకరించారు, పల్లెలు ఖాళీ అయ్యాయి, ఉక్కు కర్మాగారం మాత్రం రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత అక్కడ ఫెర్రో క్రోమ్ యూనిట్టు, పారిశ్రామిక పార్కు వచ్చాయి. పెట్టుబడి వచ్చేలోగా భూమి కదలలేదు కాబట్టి మనుషులు కదిలారు. దేశాల మధ్య అంతరం తగ్గుతున్న కాలంలో, చైనా ప్రావిన్సుల మధ్య తగ్గుతున్న కాలంలో, భారత రాష్ట్రాల మధ్య మాత్రం పెరుగుతోందని 2016-17 ఆర్థిక సర్వే రాసి, దీన్ని చిక్కుముడి అని పిలిచింది; అదే సర్వే మరో అధ్యాయంలో రాష్ట్రాల మధ్య ఏటా సగటున 90 లక్షల మంది పని కోసం కదులుతున్నారని సంతోషించింది. రెండు అధ్యాయాలనూ ఒకరే చదివి ఉంటే చిక్కుముడి కొంత వదులయ్యేది.

అభిసరణం అసలే జరగలేదనడం మాత్రం అన్యాయం. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2024లో ప్రచురించిన పత్రం ప్రకారం, 2023-24లో ఒడిశా తలసరి ఆదాయం జాతీయ సగటులో 88.5 శాతానికి చేరింది, ఒకప్పటితో పోలిస్తే ఇది పెద్ద ఎత్తు. గుజరాత్‌ది 160.7 శాతం. అయితే ఒడిశాను ఎత్తినవి ప్రధానంగా ఉత్తర, పశ్చిమ జిల్లాల గనులు, ఉక్కు, అల్యూమినియం. సగటు అనే యంత్రం ఆ అల్యూమినియంలో కొంత గంజాం గడపలో కూడా కాగితం మీద జమ చేస్తుంది. ఆ జమ మీద అప్పు పుట్టదు, దాన్ని చూపించి ఆడపిల్ల పెళ్ళి చేయడానికీ కుదరదు.

బరంపురానికి పట్టు ఊరని పేరు. కొన్ని వందల ఏళ్ళ క్రితం దక్షిణాన్నుంచి వలస వచ్చిన తెలుగు దేవాంగులు నేసిన ఫొడా కుంభా అంచు పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చీరను నేసే చేతి మగ్గాలు తరుగుతుండగా, సూరత్ మరమగ్గాల మీద గంజాం చేతులు నేసిన సిల్కు పోలిక గుడ్డ చీరలై, పూలు అచ్చేయించుకుని, బరంపురం బజారులోనే పట్టుచీర పక్కన అందులో ఎన్నోవంతు ధరకో వేలాడుతోంది. కార్మికుడు నేసింది తిరిగి వచ్చి అతని ఊరి మగ్గాన్ని మూయిస్తే, సరుకుల స్వేచ్ఛా చలనం, శ్రామికుల స్వేచ్ఛా చలనం రెండూ సంపూర్ణంగా నెరవేరినట్టే.

ఆ ఊళ్ళో రెండేళ్ళకోసారి బూఢీ ఠాకురాణి అనే అమ్మవారి యాత్ర జరుగుతుంది. దేవాంగుల కులపెద్ద దేశిబెహెరా ఇల్లు అమ్మవారి పుట్టిల్లని నమ్మకం. ఆ రోజుల్లో ఆమె గుడి విడిచి దేశిబెహెరా వీధిలో కట్టిన తాత్కాలిక గుడిలో కొలువుంటుంది, మొక్కుబడి వేషాలు రాత్రంతా వీధుల్లో తిరుగుతాయి, సూరత్ నుంచి సెలవు దొరికించుకున్నవారూ వస్తారు. ఆదాయాల మధ్య చెదురు తగ్గడాన్ని సిగ్మా అభిసరణం అంటారు. వేషం కట్టినవాళ్ళలో కూలివాడెవరో షాపుకారెవరో తెలియని ఆ కొన్ని రాత్రులూ బరంపురంలో అది నూటికి నూరుపాళ్ళు కనిపిస్తుంది. ఉత్సవం ముగిశాక అమ్మవారు గుడికి వెళ్తుంది. పూరీ నుంచి అహ్మదాబాద్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఆగుతుంది, సూరత్‌లోనూ ఆగుతుంది.