ముందెక్కడైనా చేశారా?

కొత్త ఆలోచనలకు పెద్దపీట వేస్తామని ప్రతి సమీక్షా సమావేశంలోనూ సెలవిస్తారు. నమ్మండి. పీట నిజంగానే వేస్తారు. ఆలోచన అక్కడ కూర్చోవాలి, లేవకూడదు.

సోమవారం ప్రజావాణికి వచ్చే ముసలీముతకా కలెక్టరేటు మెట్లమీద కూలబడుతున్నారు, వరండాలో నాలుగు బల్లలు వేయిద్దామని ఓ జూనియర్ అసిస్టెంటు నోటు పెట్టాడనుకోండి. ‘వేయిద్దాం’ అన్న మాటతోనే కుర్రాడు కొత్తవాడని తేలిపోతుంది. ఆరితేరినవాడైతే ‘బల్లలు ఏర్పాటు చేయు విషయము పరిశీలించదగునేమో, తగు ఆదేశముల నిమిత్తం సమర్పించడమైనది’ అంటాడు. రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే దొరకడానికి అందులో మనిషే ఉండడు.

సూపరింటెండెంటు గారి మొదటి ప్రశ్న: ముందెక్కడైనా చేశారా? చేసుంటే అందులో కొత్తేముంది? చేయకపోతే మనకెందుకొచ్చిన గొడవ? ఇది దాటిన ఫైలు మీద పరిపాలనాధికారి (ఏవో) గారు ‘చర్చించండి’ అని రాస్తారు. చర్చిద్దామని వెళ్తే సారు టెలికాన్ఫరెన్సులో ఉంటారు. తర్వాత ‘ఏ పద్దు కింద?’ అని వస్తుంది. బల్లలకు పద్దు లేదు. సమీక్షల్లో నంజుకునే జీడిపప్పుకు ఉందా అని అడక్కండి.

పాపం, పద్ధతిని తిట్టలేం. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పుట్టిన టాటెన్‌హామ్ పద్ధతే ఇప్పటికీ మన కలెక్టరేట్లను నడుపుతోంది. కాగితానికో నంబరు, గుమాస్తాకో పర్సనల్ రిజిస్టరు. ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో ఇట్టే తెలియాలని ఆ ఏర్పాటు. తెలుస్తుంది కాబట్టే ఎవరూ తమ దగ్గర ఆపరు, ఓ ప్రశ్న రాసి కిందికి తోస్తారు. ఈ-ఆఫీసు వచ్చాక తోయడానికి అటెండరు కూడా అక్కర్లేదు.

ఇంతలో పక్క జిల్లాలో ఎవరో దాత బల్లలు ఇచ్చాడని పేపర్లో ఫొటో పడుతుంది. పైనుంచి ఫోను: ‘మీ దగ్గరెందుకు లేవు?’ సాయంత్రానికల్లా బల్లలు దిగుతాయి, పద్దు దానంతటదే దొరుకుతుంది, సారు వినూత్న ఆలోచనంటూ ఫ్లెక్సీ లేస్తుంది. కుర్రాడి నోటును ఎల్.డిస్. చేస్తారు. అంటే ఏడాది దాచి, ఆనక చింపేయొచ్చు.

వాడు మళ్లీ మంచినీళ్ల కుండల కోసం నోటు పెడతాడు. ఈసారి పక్క జిల్లాలో ఇప్పటికే పెట్టారని రాస్తాడు. పచ్చి అబద్ధం. అయినా మంజూరవుతుంది. విచారిస్తే, పక్క జిల్లావాళ్లు కూడా మన జిల్లాలో ఉన్నాయని రాసే కుండలు తెప్పించుకున్నారట.