కోస కొరియర్లో వచ్చింది

మొన్న కనుమనాడు తెల్లవారేసరికి మా మనవడు ఓ థర్మకోల్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. చుట్టూ గోధుమరంగు టేపు. మూత సందుల్లోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. "తాతయ్యా, ఇందులో ఏముందో చెప్పుకో" అన్నాడు. చేప అన్నాను. "కాదు, కోస! భీమవరం నుంచి రాత్రి బస్సులో వేయించాను. రెండు కిలోలు. నీకోసమే" అన్నాడు.

నాకోసమే అన్న మాటకి సంతోషించాలో, రెండు కిలోలు అన్న మాటకి ఏడవాలో తెలియలేదు. 74 ఏళ్ళు వచ్చాయి నాకు. కోసని కిలోల లెక్కన అడిగినవాణ్ణీ చూడలేదు, అమ్మినవాణ్ణీ చూడలేదు.

తెలియనివాళ్ళకి చెబుతాను. కోస అంటే పందెంలో ఓడి చచ్చిన పుంజు. గెలిచిన పుంజు ఎవరిదో ఆ చచ్చినది కూడా వాళ్ళదే. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసుకుంటూ ఊళ్ళో నుంచి నడిచివెళితే, జేబులో ఎంత పడిందో తర్వాత సంగతి, ముందు ఆ నడకకే జనం దారి ఇచ్చేవారు. నెలల తరబడి ఆ పుంజుకి బాదంపప్పులు, ఉడికించిన గుడ్లు, కైమా మేపి, చెరువులో ఈత కొట్టించి, మనిషికి చేసినట్టు ఒళ్ళు పట్టి ఉంటారు. కొవ్వన్నది ఉండదు, అంతా కండే. అందుకే దానికి ఆ రుచి. పందేలు చట్టరీత్యా నేరం, నాకూ తెలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. ఏటా సంక్రాంతికి పోలీసులు హెచ్చరిస్తారు, ఏటా సంక్రాంతికి బరులు లేస్తాయి. మా నాన్న జన్మలో పందెం కాయలేదు. అయినా మా ఇంటికి కోస వచ్చేది.

ఎలాగంటారా? వీధి చివర బాబాయి వరసాయన ఒకడుండేవాడు. ఆయన గెలిచిన ఏడు కనుమనాడు మధ్యాహ్నం వాళ్ళమ్మాయి ఓ కంచు గిన్నె తెచ్చేది, పైన అరిటాకు కప్పి. అందులో పచ్చి మాంసం ముక్కలు, ఎంచితే పదో పన్నెండో. మా అమ్మ దాన్ని మట్టి దాకలో వేసి, పచ్చి బొప్పాయి ముక్క ఒకటి పడేసి, పిడకల పొయ్యి మీద పెట్టేది. దీపాలు పెట్టే వేళ దాకా అది ఉడుకుతూనే ఉండేది. మేం వెళ్ళి గరిటెతో నొక్కి చూసేవాళ్ళం. "ఇంకా రాయేరా, పొండి" అనేది. మనిషికి రెండు ముక్కలు. ఆయన ఓడిన ఏడు గిన్నె వచ్చేది కాదు. ఎందుకు రాలేదని అడిగేవాళ్ళం కూడా కాదు.

ఇప్పుడు మా మనవడికి అన్నీ వస్తాయి. వాడికో మాట ఉంది, ఎగ్జాటిక్ అని. ఫోన్లో కౌజుపిట్ట ఎగ్జాటిక్, సీమకోడి ఎగ్జాటిక్, బాతు కూడా ఎగ్జాటికే. ఆకివీడు వైపు బాతుల గుంపులు కోసిన చేలల్లో పడి రోడ్డు దాటుతుంటే బస్సులు ఆగేవి. అది ఎగ్జాటిక్ ఎప్పుడయిందో మాకు చెప్పినవాడు లేడు. బోటీ అంతే. ఆదివారం వేట కొట్టే సాయిబుగారు మాంసం పోగులు వేసి తామరాకుల్లో కట్టి ఇచ్చేవారు. బోటీ, తలకాయ, కాళ్ళు ఎవరో ఒకరు అడిగేదాకా పక్కన పడి ఉండేవి. ఆ బోటీనే ఇప్పుడు ఏసీ హోటల్లో ఇత్తడి ముంతలో పెట్టి ఇస్తే మావాడు ముందు ఫోటో తీస్తాడు, తర్వాత తింటాడు.

అపురూపమైన మాంసం అంటే మాకు పరజలు. కొల్లేటి అడవి బాతులు. అబద్ధమెందుకు, చిన్నతనంలో నేనూ తిన్నాను. చలికాలంలో కొల్లేటి లంక నుంచి ఒకతను కావిడి మీద బుట్టలు వేసుకుని చీకటితోనే వచ్చేవాడు. పెరటి గుమ్మంలో బుట్ట దింపి, తడిగుడ్డ తీసి చూపించేవాడు. ఒకసారి మా నాన్న ఓ పక్షిని ఎత్తి బేరం ఆడుతుంటే అతనే చెప్పాడు: "అది పరజ కాదు బాబుగారూ, బొల్లికోడి. నీచు వాసనేస్తుంది. పిల్లలు తినరు, వద్దు" అని. సగం ధరకి ఇస్తానన్నా మా నాన్న తీసుకోలేదనుకోండి. కానీ ఆ మాట చెప్పినందుకు ఆ ఏడంతా మరొకరి బుట్ట మా గుమ్మంలో దిగలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. ఆ కావిడి అతను అంతకు చాలా ముందే రావడం మానేశాడు. మంచిదే. మొన్నామధ్య కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని చూసొచ్చాను. వాటిని అలా చూస్తుంటే వండుకోవాలనిపించలేదు, వయసు వల్లనో ఏమో. చట్టం మీద నాకు కోపం లేదు. నా కోపమంతా హైవే పక్క దాబాల్లో పళ్ళెం ముందు పెట్టి, చెవి దగ్గరకొచ్చి "అడవి పిట్టండీ, ఎవరికీ చెప్పకండి" అనే కుర్రాడి మీద. ఒరే నాయనా, నువ్వు చెప్పింది నిజమైతే ఇద్దరం జైలుకి పోతాం, అబద్ధమైతే నువ్వు మోసగాడివి. అది అబద్ధమే. ఆ పళ్ళెంలోది ఫారంలో పెరిగిన జపాన్ కౌజు. 1974లో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థకి తెచ్చి పెంచిన జాతి. అయిదు వారాలకి కోతకొస్తుంది, 200 గ్రాములు తూగుతుంది, చట్టానికీ అభ్యంతరం లేదు. ఫారం పిట్ట అని చెబితే నేను తిననా? తింటాను. దానికి అడవి పేరెందుకు?

ఈ పేరు పిచ్చికి మా బావమరిది పొలం పోయింది. ఈము పక్షుల రోజులు గుర్తున్నాయా? 2012కి ముందు ఏ ఊరి పొలిమేరలో చూసినా ఇనప వల, వలలో మనిషెత్తు పక్షులు. జత కొనుక్కుంటే గుడ్లు, గుడ్లు పొదిగిస్తే పిల్లలు, నూనె, తోలు, మాంసం, ఈకలు, ఒక్కటీ వృథా కాదన్నారు. మాంసానికి కొవ్వే ఉండదట, మేకమాంసంలా ఎర్రగా ఉంటుందట. బావమరిది జతలు కొన్నాడు. ముదురాకుపచ్చ గుడ్డొకటి మాకు కానుకగా ఇచ్చాడు, అరకిలో ఉంటుంది. మా ఆవిడ దాన్ని పగలగొట్టడానికి మనసొప్పక షోకేసులో పెట్టింది. ఆ పక్షుల్లో గుడ్లు పొదిగేది మగదట. ఆ సంగతి వాడు నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. "ఏరా, మాంసం ఎవరు కొంటున్నారు?" అని నేను అడిగితే మాత్రం, "ఇప్పుడే మాంసమేమిటి బావా, పిల్లలకే గిరాకీ" అనేవాడు. అదే కిటుకు. పెంచేవాడు పెంచేవాడికే అమ్మాడు, తినేవాడు ఎక్కడా లేడు. కొత్తగా పెంచేవాళ్ళు అయిపోయిన రోజున అంతా అయిపోయింది. మేత పెట్టలేక వలలు తీసి పక్షుల్ని వదిలేసినవాళ్ళని నేను చూశాను. ఈము మాంసం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. బావమరిదికీ తెలియదు.

తర్వాత కడక్‌నాథ్ వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఝాబువా వైపు భిల్లులు పెంచుకునే కోడి. చర్మం, మాంసం, ఎముక కూడా నల్లగా ఉంటాయి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ వెంటనే మా కూకట్‌పల్లి సందుల్లో కూడా బోర్డులు వచ్చాయి. కిలో ధర విని గుండె పట్టుకుని, సరే చూద్దామని ఒక దుకాణానికి వెళ్ళాను. నల్ల ఈకల కోడిని బోనులోంచి తీశాడు. "నోరు తెరిచి చూపించు నాయనా" అన్నాను. "నోరెందుకు అంకుల్?" అన్నాడు. నేనే ముక్కు విప్పి చూశాను. నాలుక గులాబీరంగు, తురాయి ఎర్రటి ఎరుపు. "నల్ల ఈకలుంటే కడక్‌నాథా? కాకి కూడా కడక్‌నాథేనా?" అంటే పక్కనున్న ఇద్దరు నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. "మీకు నచ్చకపోతే నాటుకోడి తీసుకోండి" అన్నాడు. ఆ నాటుకోడీ నాకు తెలిసిందే. వనరాజానో, గ్రామప్రియో అయి ఉంటుంది. మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు పెరట్లో పెంచుకోవడానికి తయారుచేసిన రంగు కోళ్ళు. రైతుకి మేలు చేసే మంచి కోళ్ళు, వాటినేమీ అనను. వనరాజా కిలో ఇంత అని బోర్డు రాసుకోవచ్చు కదా!

గాడిదల దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు కూడా రాదు. మన కోస్తాలో కొన్నిచోట్ల ఆదివారం పూట ఆ మాంసం చాటుగా అమ్ముతున్నారని, నడుంనొప్పి పోతుందని, బలమొస్తుందని క్యూ కడుతున్నారని పేపర్లలో చదివాను. మన ఆహార భద్రతా నిబంధనల్లో గాడిద తినే జంతువే కాదు. పశుగణన లెక్కల్లో దేశం మొత్తం మీద 2012లో 3 లక్షల 20 వేల గాడిదలుంటే 2019కి లక్షా 20 వేలు మిగిలాయి. లారీలొచ్చి బరువు మోసే పని పోవడం ఒక కారణం. తగ్గిన మిగతావి ఎటు పోయాయో ఆ క్యూలో నిలబడ్డవాళ్ళని అడగండి.

ఇంతకీ కోస. మనవడు పెట్టె విప్పుతుంటే నేను లెక్క వేశాను. పందెం పుంజు బతికుండగా 3, 4 కిలోలు తూగుతుంది. ఈకలు, పేగులు తీసేస్తే రెండున్నర మిగిలితే గొప్ప. ఒక పందేనికి ఒక కోస, అది కూడా గెలిచినవాడు ఇంటికి పట్టుకుపోగా, వాళ్ళ బావలకీ మరదళ్ళకీ పంచగా మిగిలితే. హైదరాబాదులో ఎన్ని అపార్ట్‌మెంట్లకి ఎన్ని పెట్టెలొచ్చాయి ఆ ఒక్క పూటలో? మా లిఫ్టులోనే మూడు కనిపించాయి. అన్నింటి మీదా అదే టేపు.

ఉండబట్టలేక ఆ నంబరుకి నేనే ఫోన్ చేశాను.

"బాబూ, మాకు పంపింది ఏ బరిలోదయ్యా?"

"పెద్ద బరిలోదేనండి."

"రంగేమిటి? డేగా, కాకా, నెమలా?"

"అన్నీ ఉన్నాయండి. మీకేది కావాలంటే అదేనండి."

"చచ్చిపోయిన పుంజుల్లో నాకేది కావాలో అడుగుతున్నావా?"

"ఇంకో అయిదు కిలోలు వేయమంటారాండి? ముక్కనుమకి కూడా సర్వీసు ఉందండి."

పెట్టేశాను. మనవడి మొహం చిన్నబోయింది. వాడి తప్పేం లేదు. నాలుగు వేలు పోసి తాతకి చిన్నతనం కొనిద్దామనుకున్నాడు. అందుకే ఇంకేమీ అనకుండా కోడలితో వండమన్నాను. దాకా లేదు, పిడకలూ లేవు. బొప్పాయి ముక్క వేయమందామనుకుని ఊరుకున్నాను. కుక్కర్లో పెట్టింది.

మూడో విజిల్‌కి దించేసింది. మూత తీసి గరిటె పెట్టేసరికి మాంసం ఎముక నుంచి ఊడి విడిగా వచ్చేసింది.