ఏ-1: శ్రీ సీతారామచంద్రస్వామి

ఇతర రాష్ట్రాల వడ్లు ఒక్క గింజ కూడా లోపలికి రాకుండా సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టామని తెలంగాణ అధికారులు మళ్లీ సెలవిచ్చారు. సన్నవడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇచ్చే సర్కారు ఆ మాత్రం కాపలా కాయాల్సిందే. కాకపోతే సరిహద్దున ఏటపాక రోడ్డు మీద పడిగాపులు దేనికి? అసలు ముద్దాయి భద్రాచలం గర్భగుడిలోనే, భార్యను ఒడిలో కూర్చోబెట్టుకుని దర్జాగా ఉన్నాడు.

ఆధారాలు కావాలా? కాపురం తెలంగాణలో. పొలం ఆంధ్రప్రదేశ్‌లో, పురుషోత్తపట్నంలో, దాదాపు 890 ఎకరాలు. ఇల్లొక రాష్ట్రంలో, పొలమొక రాష్ట్రంలో పెట్టుకున్నవాడి ఉద్దేశం ఏ ఎస్సైకైనా ఇట్టే తెలుస్తుంది. (ఆ భూముల్లో ఆక్రమణదారులున్నారని డిఫెన్సు లాయరు అంటాడు. అననివ్వండి.) ఇక శ్రీరామనవమి వస్తే కోరుకొండ నుంచి గోటి తలంబ్రాలు దిగుతాయి. గోళ్లతో ఒలిచిన బియ్యం! అంటే మిల్లు రికార్డు లేదు, వేబిల్లు లేదు. పక్క రాష్ట్రపు సరుకును మేళతాళాలతో సరిహద్దు దాటించి, వేల మంది సాక్షుల ఎదుట నెత్తిన పోయించుకుంటున్నాడు. ఆ పెళ్లికి ముత్యాల తలంబ్రాలు మోసుకొచ్చే ప్రభుత్వాన్ని ఏ-2 చేయాలో వద్దో పీపీ గారు తేల్చాలి.

పాత కేసూ ఉంది. సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టినందుకు కంచర్ల గోపన్న గోల్కొండ ఖైదులో మగ్గాడు. లబ్ధిదారు ఎవరు? ఆనక తమ్ముణ్ని వెంటేసుకుని, మారుపేర్లతో, అర్ధరాత్రి తానీషాకు నగదు కట్టాడట. ఈడీ వాళ్లు గమనించగలరు.

పర్ణశాల దారి కూడా అనుమానాస్పదమే. దుమ్ముగూడెం రైతు ట్రాక్టరు తెలంగాణలో బయల్దేరి, మధ్యలో ఆంధ్రాలో దూరి, మళ్లీ తెలంగాణలో తేలుతుంది. సొంత రాష్ట్రం వడ్లు సొంత రాష్ట్రానికి తెస్తూ స్మగ్లరైపోవచ్చు!

రాముణ్ని ముద్దాయి అంటే మీకు నవ్వొచ్చింది. ఇల్లు ఇటూ చేను అటూ పడిన కోయ రైతును, కౌలు రైతును దొంగను చూసినట్టు చూస్తుంటే ఎవరికీ నవ్వు రాదు, సిగ్గూ రాదు. ఆ గీత వాళ్లు గీసిందా? 2014లో పోలవరం కోసం భద్రాచలం పట్టణాన్ని మాత్రం వదిలి, మండలంలో మిగతా ఊళ్లన్నీ ఆంధ్రాకు రాసేశారు. వద్దని మొత్తుకున్న గూడేల మాట ఢిల్లీ చెవిన పెట్టలేదు. ఇక అసలైన దొంగ సరుకు సంగతి చూడండి: 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఎల్ నౌకలో రేషన్ బియ్యం బయటపడ్డాయి, పశ్చిమ ఆఫ్రికాకు పోబోతూ. ఓడెక్కేదాకా ఆ లారీలకు ఏ బారికేడు అడ్డం పడింది? ట్రాలీలో ముప్పై బస్తాలు తెచ్చుకునేవాడి దగ్గరే మన చట్టానికి చూపు ఆనుతుంది.

ఏటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం జనం తమను తెలంగాణలో కలపమని 2022 వరదల తర్వాత రోడ్డెక్కారు. ఆ సంగతి తేల్చండి. తేలేదాకా, పాసుపుస్తకం ఏ రాష్ట్రం ఇచ్చినా సరే, కౌలుదారుల పంటతో సహా ఈ ఊళ్ల వడ్లు భద్రాచలంలో కొనండి.